అనంతపురం మెట్ట మండలంలో వేసవి ఉష్ణ తీవ్రత: పొలం కుక్కలు, ఇంటి పిల్లుల సంరక్షణ

వేసవి యాజమాన్యం మీద మన విస్తరణ సాహిత్యంలో పాడి పశువులకు, గొర్రెలకు, కోళ్లకు తగినంత చోటు దక్కింది. కుక్కకు, పిల్లికి మాత్రం దాదాపు ఏమీ దక్కలేదు. అవి పట్టణవాసుల ముచ్చటకు సంబంధించినవనీ, సేద్యంతో వాటికి పని లేదనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఒక్క రోజు తిరిగినవారెవరూ ఈ అభిప్రాయాన్ని నిలుపుకోలేరు. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలో ముందు వరుసలో ఉన్న ప్రాంతమిది. వేరుశనగ కోసిన పొలాల్లో ఎరువు కోసం రాత్రివేళ మంద కట్టించుకునే ఆచారం నేటికీ ఉంది. ఆ మందకు తోడేలు నుంచి, కొండ అంచు గ్రామాల్లో చిరుత నుంచి కాపలా కాసేది కాపరి వెంట ఉన్న రెండు మూడు నాటు కుక్కలే. విత్తనం కోసం దాచిన వేరుశనగ కాయల మూటలను ఎలుకల నుంచి కాపాడేది ఇంటి పిల్లి. పగటి ఎండలో సొమ్మసిల్లిన కుక్క రాత్రి కాపలా కాయలేదు, ఆ నష్టం మరునాడు గొర్రెల లెక్కలో తేలుతుంది. సేద్య శాస్త్రం బోధించే వ్యక్తి ఈ విషయం మీద వ్రాయడానికి ఇంకొక కారణం కూడా ఉంది. వేసవిలో ఈ జంతువుల సమస్య చాలావరకు సూక్ష్మ వాతావరణ సమస్య. నేల వేడి, నీడ, గాలి, ఆవిరి, ఇవన్నీ మన పాఠ్యాంశాలే.

కుక్క ఎత్తులో ఉష్ణోగ్రత

జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. ఏప్రిల్, మే నెలల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం మామూలే. అయితే ఈ అంకెలను మనం ఎక్కడ కొలుస్తున్నామో గుర్తుంచుకోవాలి. స్టీవెన్‌సన్ పెట్టెలోని థర్మామీటరు నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తులో, నీడలో, తెల్ల రంగు వేసిన చెక్క పలకల మధ్య ఉంటుంది. కుక్క ముక్కు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పిల్లి పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. పైరు లేని పొడి ఎర్రనేల ఉపరితలం మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం సామాన్యం. ఆ నేల నుంచి వెలువడే వికిరణం కింది నుంచి, సూర్యరశ్మి పై నుంచి పడుతుండగా, నేలను ఆనుకొని ఉన్న వేడి గాలినే ఆ జంతువు పీలుస్తుంది. పత్రికలో 42 డిగ్రీలని చదివి ‘నిన్నటికన్నా ఒక డిగ్రీ తగ్గింది’ అనుకునే మనిషి అనుభవానికీ, తారు రోడ్డు దాటే కుక్క అనుభవానికీ పోలిక లేదు. తారు రోడ్డు మీద, కాలువ గట్టు కాంక్రీటు మీద అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదానికీ అది కాలేదేనని రైతుకు చెప్పవచ్చు. ఇంతకన్నా సులువైన పరికరం లేదు.

నీడ విషయంలో ఒక సంగతిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ఏప్రిల్ నెలాఖరున సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపునే ఉంటాడు. డిసెంబరులో రెండు మీటర్ల గోడ మిట్టమధ్యాహ్నం ఉత్తరాన ఒకటిన్నర మీటర్ల నీడనిస్తుంది. అదే గోడ మే మొదట్లో ఏ వైపునా నీడనివ్వదు. జూన్ మూడో వారంలో దక్షిణం వైపున ముప్పై సెంటీమీటర్లు మాత్రమే ఇస్తుంది. చలికాలంలో ‘ఇక్కడ ఎప్పుడూ నీడే’ అని చూసి ఉత్తరపు గోడ పక్కన గుంజ పాతి కుక్కను కట్టేసిన రైతు, మే నెలలోనూ అక్కడే కట్టేస్తే, పగలంతా దానిని ఎండలో నిలబెట్టినట్లే. గొలుసు పొడవు చాలక అది నీడ ఉన్న చోటికి జరగలేదు. గొలుసుతో కట్టిన కుక్కలకు తగిలే వడదెబ్బకు మూలం చాలాసార్లు ఇదే. కాబట్టి వేసవిలో గోడ నీడను నమ్ముకోరాదు, పైకప్పు నీడ గాని చెట్టు నీడ గాని కావాలి. జంతువును అతి పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టి ఉంచడం, యజమానిగా ఉండి నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ ప్రకారం నేరాలని కూడా తెలియజేయాలి. అయితే చట్టం కన్నా ముందు గొలుసు పొడవు గురించి మాట్లాడితేనే మాట చెవికెక్కుతుంది.

చెట్టు నీడకూ రేకు నీడకూ ఎంతో తేడా ఉంది. ఇనుప రేకు తానే కాగి, కింద ఉన్న ప్రాణి మీదికి వేడిని వికిరణం చేస్తుంది. ఆకు నీటిని ఆవిరి చేస్తూ తన వేడిని తానే తగ్గించుకుంటుంది. మన ప్రాంతంలో కానుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఎండలు ముదిరే నాటికి చిక్కని కొత్త ఆకుతో సిద్ధంగా ఉంటుంది. వేప, చింత కూడా మంచివే. చెట్టు లేని చోట రేకుల కొట్టం మీద సున్నం పూసి, దాని పైన జానెడు ఎడంతో కంది కట్టెతో గాని బోద గడ్డితో గాని పందిరి వేస్తే వేడి బాగా తగ్గుతుంది. వేరుశనగ కట్టెను ఇందుకు వాడమని ఎవరూ సలహా ఇవ్వరాదు. వేసవిలో అది పశువు నోటికి దక్కవలసిన మేత.

కుక్క నీడలో నేలను తవ్వుకొని పడుకుంటుంది. చాలా ఇళ్లలో దీనికి దెబ్బలు పడతాయి. నేల భౌతిక శాస్త్రం ప్రకారం ఆ కుక్క చేసిన పని సరైనదే. ఉపరితలం మీది పగటి ఉష్ణ తరంగం లోతుకు పోయే కొద్దీ వేగంగా క్షీణిస్తుంది. పొడి నేలలో ముప్పై సెంటీమీటర్ల లోతున పగటికీ రాత్రికీ తేడా దాదాపు కనిపించదు. నీడలో అడుగు లోతు గుంట తీసి, ఇసుక పోసి, ఉదయం ఒక బిందె నీళ్లు చల్లి ఉంచితే ఖర్చు లేని శీతల శయ్య తయారవుతుంది.

శరీరపు వేడి, నీటి లెక్క

కుక్క, పిల్లి సాధారణ శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీలు. చెమటతో శరీరాన్ని చల్లార్చుకునే శక్తి మనకున్నట్లు వాటికి లేదు. వాటి చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల మెత్తలకే పరిమితం. కుక్క నాలుక చాచి రొప్పుతూ ముక్కు, నోటి తడి పొరల నుంచి నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. మామూలుగా నిమిషానికి ముప్పై లోపు ఉండే శ్వాసలు అప్పుడు మూడు వందల దాకా పెరుగుతాయి. బయటి గాలి శరీరం కన్నా వేడిగా ఉన్నప్పుడు బాష్పీభవనం తప్ప వేడిని వదిలించుకునే వేరే దారి దానికి లేదు.

ఈ లెక్కను తరగతిలో చేయించడం మంచిది. 15 కిలోల నాటు కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 530 కిలో కేలరీల వేడిని, అంటే గంటకు 93 కిలో జౌళ్లను పుట్టిస్తుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలో జౌళ్లు తీసుకుపోతుంది. అంటే తన సొంత వేడిని వదిలించుకోవడానికే గంటకు దాదాపు 40 మి.లీ. నీరు కావాలి. పదకొండు నుంచి ఐదు గంటల వరకు పావు లీటరుకు దగ్గరగా అవుతుంది. గాలి నుంచి, నేల నుంచి, ఎండ నుంచి వచ్చి చేరే వేడి దీనికి అదనం. మంద వెంట పరుగెత్తే కుక్క ఇంతకు ఐదింతలు వేడి పుట్టిస్తుందనుకుందాం. ఆ వేడి ఏమాత్రం బయటికి పోకపోతే పది నిమిషాల్లో శరీర ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ. కాబట్టి మామూలు రోజుల్లో కిలో బరువుకు 50, 60 మి.లీ. నీరు చాలే కుక్కకు ఈ నెలల్లో అంతకు రెట్టింపైనా అందుబాటులో ఉండాలి.

పని చేసే కుక్కకు ప్రమాదం ఎండ ఒక్కదానితోనే రాదు, ఎండలో శ్రమతో వస్తుంది. బ్రిటన్‌లో 2016 నాటి పశువైద్యశాలల రికార్డులను పరిశీలించినప్పుడు కుక్కల వడదెబ్బ కేసుల్లో పదింట ఏడుకు పైగా శ్రమ వల్ల వచ్చినవేనని తేలింది. వ్యాధి సోకిన ప్రతి ఏడింటిలో ఒకటి మరణించింది. చల్లని దేశంలోనే ఇలా ఉంటే, మన పీఠభూమిలో మంద కుక్క సంగతి వేరే చెప్పనక్కరలేదు. మందను తెల్లవారుజామున ఆరు నుంచి పది వరకు, సాయంత్రం నాలుగు తరువాత మేపి, నడి పగలు చెట్ల కింద నిలపడం గొర్రెలకు ఎలాగూ మనం చెబుతున్నదే. కుక్కకూ అదే కాలపట్టిక. సంగటి ముద్ద పెట్టడం కూడా వేకువన గాని చీకటి పడ్డాక గాని ఉండాలి. కడుపు నిండిన కుక్క ఎండలో పరుగెత్తరాదు.

పొడి గాలి అనే వరం

ఈ ప్రాంతపు వేసవికి ఒక అనుకూలత ఉంది. దానిని మనం తగినంతగా వాడుకోవడం లేదు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉంటే తడి బల్బు థర్మామీటరు 24 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అదే కోస్తాలో 37 డిగ్రీలు, 60 శాతం ఆర్ద్రత ఉన్న రోజున అది 30 డిగ్రీలు ఉంటుంది. అంటే థర్మామీటరు చూసి మనం జాలిపడే అనంతపురంలోనే తడి గోనెపట్టా మహత్తరంగా పనిచేస్తుంది. మచిలీపట్నంలో అంతగా పనిచేయదు. కుక్క రొప్పు కూడా ఇక్కడే ఎక్కువ ఫలితమిస్తుంది. కొట్టానికి గాలి వీచే వైపున తడిపిన గోనె సంచి వేలాడదీసి, రెండో వైపు తెరచి ఉంచాలి. నాలుగు వైపులా మూసి తడిపితే లోపలి గాలి తేమతో నిండి మేలుకు బదులు కీడు జరుగుతుంది. మట్టి తొట్టిలో పోసిన నీరు చల్లగా ఉండటానికీ ఇదే కారణం. ప్లాస్టిక్ డబ్బాలో, అల్యూమినియం గిన్నెలో ఎండన పెట్టిన నీటిని ఏ జంతువూ ఇష్టపడదు.

వరం ఉన్నది గాలిలో, కొరత ఉన్నది నీటిలో. ఆ కొరత వల్ల రైతుకు ప్రత్యక్షంగా నష్టం కలిగే సందర్భం ఒకటుంది. చీనీ, దానిమ్మ, అరటి తోటల్లో వేసవిలో డ్రిప్ లాటరల్ పైపులు కొరికి ఉండటం అందరూ చూసినదే. ఉడుతలు, ఎలుకలు, అడవి పందులతో పాటు కుక్కలు కూడా దాహంతో ఈ పని చేస్తాయి. పైపులో నీటి చప్పుడు వాటికి వినిపిస్తుంది, వాసన తెలుస్తుంది. కొరికిన చోట నీరు పోయి, వరుస చివరి చెట్లు ఎండుతాయి. కుక్కను తరిమికొట్టడం కన్నా తోట నాలుగు మూలలా నీడలో నేల మట్టానికి మట్టి తొట్లు పెట్టి ప్రతి ఉదయం నింపడం చౌక. ఇంకా ముఖ్యమైన మాట ఒకటి. డ్రిప్ ద్వారా ఎరువులు ఇచ్చే తోటల్లో యూరియా, పొటాష్ కలిపిన డ్రమ్ము మూత లేకుండా ఉంటుంది. మందు కొట్టిన తరువాత పంపు కడిగిన నీరు గట్టు పక్క గుంటలో నిలుస్తుంది. దాహంగా ఉన్న జంతువు రుచి చూసి తాగదు. డ్రమ్ముకు మూత, కడిగిన నీటికి మట్టి పూడ్చిన గుంట, ఈ రెండూ వేసవి కార్యాచరణలో తప్పనిసరి.

గ్రామాల్లో పశువుల కోసం కట్టిన నీటి తొట్లు మంచి పని. వాటి గోడ ఎత్తు గేదెకు సరిపోతుంది. కుక్కకు, గొర్రెపిల్లకు అందదు, పిల్లి ఎక్కి లోపల పడితే నునుపైన సిమెంటు మీద పట్టు దొరకదు. పొర్లిన నీరు నిలిచేలా తొట్టి పాదం దగ్గర ఒక చిన్న లోతులేని పళ్లెం కట్టించడం, లోపల ఒక మూల వాలుగా నాలుగు రాళ్లు పేర్చడం తాపీ మేస్త్రీకి అరపూట పని.

పిల్లి

పెంపుడు పిల్లి మూలం పశ్చిమాసియాలోని అడవి పిల్లి. ఆ ఎడారి వారసత్వం వల్ల అది మూత్రాన్ని బాగా గాఢపరచి నీటిని పొదుపు చేసుకోగలదు. దీనివల్లనే ఒక చిక్కు. దానికి దాహం తక్కువ, అందుచేత నిర్జలీకరణ చాలా ముదిరే దాకా బయటపడదు. మగ పిల్లుల్లో వేసవిలో మూత్రం బిగిసిపోవడం తరచుగా కనిపిస్తుంది. పదే పదే కూర్చొని చుక్క కూడా పోయలేని మగ పిల్లిని అదే రోజున వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి, రేపటికి వాయిదా వేయరాదు. అన్నంలో పలుచని మజ్జిగగానీ, ఉప్పు కారం లేని ఉడికించిన నీరుగానీ కలపడం, రెండు మూడు చోట్ల నీటి గిన్నెలు ఉంచడం మేలు. పిల్లి ఒళ్లంతా నాకుతూ లాలాజలపు తడితో చల్లబడుతుంది. కుక్క రొప్పడం సహజం, పిల్లి నోరు తెరచి రొప్పడం ప్రమాద సూచన.

వేరుశనగ మూటలున్న రేకుల గదికి తాళం వేసే ముందు మూటల సందుల్లో చూడాలి. ఎలుక కోసం దూరిన పిల్లి అక్కడే నిద్రపోతుంది, రెండు రోజుల తరువాత తలుపు తీసేసరికి చేయగలిగిందేమీ ఉండదు. ట్రాక్టరు, కారు కింద నీడలో పడుకునే అలవాటూ దీనికుంది. మూసిన వాహనంలో జంతువును ఉంచడం గురించి చెప్పాలంటే, కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందనీ, అందులో ఎనభై శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందనీ అమెరికాలో కొలిచి చూపారు. అద్దాలు వేలెడు దించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎలుకల మందుగా మనమే సిఫారసు చేసే జింక్ ఫాస్ఫైడ్ ఎర గురించి ఇక్కడ హెచ్చరించవలసి ఉంది. ఎర నేరుగా తిన్నా, ఎర తిని చచ్చిన ఎలుకను తిన్నా ముప్పే. ఎర కన్నంలోనే పెట్టి మూయాలి, చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చాలి.

గుర్తించడం, చికిత్స

ఆగకుండా రొప్పడం, చిగుళ్లు ఎర్రబారి తరువాత పాలిపోవడం, జిగట చొంగ, తూలడం, వాంతి, రక్త విరేచనం, చివరకు మూర్ఛ, ఇవి వడదెబ్బ లక్షణాలు. పగ్ వంటి పొట్టి ముక్కు జాతులు, లావెక్కినవి, ముసలివి, పసి కూనలు ముందుగా పడిపోతాయి. బెంగళూరులో తొమ్మిది వందల మీటర్ల ఎత్తున పెరిగిన కూనను ఏప్రిల్‌లో కొని ఇక్కడికి తేవడం అవివేకం. శరీరం వేడికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మన నాటు కుక్కకు, కొల్లేరు ప్రాంతపు జోనంగికి పొట్టి వెంట్రుక, పొడుగు ముక్కు పుట్టుకతో వచ్చిన రక్షణ.

లక్షణాలు కనిపించిన వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసరాలి. ముందు చల్లార్చడం, ఆ తరువాతే ప్రయాణం. ఆసుపత్రికి పరుగెత్తే తొందరలో ఈ క్రమం తారుమారైతే దారిలోనే ప్రాణం పోతుంది. మంచు నీళ్ల కోసం వెతకనక్కరలేదు, శరీరం కన్నా చల్లనైన ఏ నీరైనా పనికి వస్తుంది. బోరు నుంచి అప్పుడే వచ్చే నీరు మేలు. కాని ఎండన పడి ఉన్న పైపులో మొదట వచ్చేవి మరిగిన నీళ్లు, వాటిని వదిలేసి తరువాత పోయాలి. తడి గుడ్డ కప్పి ఉంచరాదు, అది వేడిని లోపలే బంధిస్తుంది. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయరాదు. మలద్వారంలో థర్మామీటరు 39.5 డిగ్రీలు చూపగానే నీళ్లు పోయడం ఆపాలి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. లేచి తిరుగుతున్నా వైద్యునికి చూపించాలి, మూత్రపిండాల నష్టం, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినడం ఒకటి రెండు రోజుల తరువాత బయటపడతాయి. ఒళ్లు కాలుతోందని మనుషుల పారాసిటమాల్ మాత్ర వేయడం కద్దు. పిల్లికి ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. వడదెబ్బ వేడికి జ్వరం మాత్ర పనిచేయదు, కుక్కకూ వేయరాదు. పిడుదులు పట్టిన కుక్కకు ఎర్లీకియా వల్ల నిజమైన జ్వరమే రావచ్చు, అది రక్త పరీక్షతో తేల్చవలసిన విషయం.

చివరగా, ఈ వ్యాసంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన విషయం. చొంగ కారుస్తూ తూలే కుక్కను వేసవిలో చూడగానే ‘ఎండకు పిచ్చెక్కింది’ అని కర్రలు పట్టుకుంటారు. ఎండ వల్ల రేబీస్ రాదు. అది వైరస్, సోకిన జంతువు కాటుతో వస్తుంది. వేడి రోజుల్లో కుక్క కాట్లు కొంత పెరగడం అమెరికాలోని ఎనిమిది నగరాల లెక్కల్లో కనిపించిన మాట నిజమే, కాని చిరాకు పడిన కుక్క వేరు, రేబీస్ కుక్క వేరు. వడదెబ్బ గంటల్లో వస్తుంది, దానికి ముందు ఎండ గాని పరుగు గాని ఉంటుంది, చల్లారిస్తే తేరుకుంటుంది. రేబీస్‌లో రోజుల తరబడి నడత మారుతుంది, గొంతు మారుతుంది, కింది దవడ వేలాడుతుంది, మింగలేదు. ఇంకొక వైపు నుంచీ పొరపాటు జరగవచ్చు. వడదెబ్బ అనుకొని టీకా లేని, తెలియని కుక్క నోట్లో చేయి పెట్టినవారికి రేబీస్ ముప్పు ఉంటుంది. అటువంటి కుక్క మీద దూరం నుంచే నీళ్లు చల్లాలి, నోటిని తాకరాదు. కాటు గాని గీరు గాని పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటిలో కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కుక్కలకు మూడు నెలల వయసు నుంచి, ఆపైన ఏటా టీకా వేయించాలి. 1885 జూలై 6న పాస్చర్ తొలి రేబీస్ టీకా వేసిన సందర్భంగా ప్రతి జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తున్నారు. అయితే వేసవి అప్పటికే గడిచిపోతుంది. మంద కుక్కలకు ఉగాది లోపలే టీకా పూర్తయ్యేలా గొర్రెల నట్టల మందు శిబిరాలతో కలిపి కార్యక్రమం వేసుకోవడం రైతు సేవా కేంద్రాల సిబ్బందికి వీలైన పనే. కాపరి మందతో వచ్చిన రోజున కుక్క కూడా వెంటే ఉంటుంది. మళ్లీ అది దొరికేది ఏ ఊరి పొలంలోనో.